గోస్తని మీద బోర్లించిన బిందె

రోహిణి కార్తె, ప్రవేశించిన రోజు

తుపాకి పేలదని మాట ఇచ్చాను. పేలింది.

నా జుట్టు నల్లగా ఉన్న కాలం నాటి సంగతి ఇది. అప్పటినుంచి ఏటా రోహిణి కార్తె మొదటి రోజున ఈ ముక్క రాశాకే గాలి వాటం రాస్తున్నాను. దినచర్య స్వీయచరిత్ర కాదని ప్రధాన కార్యాలయం నన్ను మందలించింది. వాళ్ళు పంపే ఉత్తర్వుల కంటే నా స్వీయచరిత్రే చదవడానికి బాగుంటుందని జవాబు రాశాను. పదోన్నతి మీద ఆశ వదులుకున్నవాడికి మిగిలే సుఖాల్లో అదొకటి.

గాలి నైరుతి, బలహీనం. సముద్రం పచ్చగా, జావలా చిక్కగా ఉంది. అంతా నాచే. ఎర్రతెప్ప అనే తేలుడు ఊరు నడిమికి విరిగిపోతే అక్కడి జనాన్ని ఎక్కించుకుని కొండరేవుకు బయలుదేరాం. డెక్కు నిండా మనుషులు, మేకలు, కుంపట్లు, ఆరేసిన చీరలు. మా నావ పేరు గోస్తని. ఒకప్పుడు ఆ పేరుతో ఒక నది ఉండేది. ఇప్పుడు దాని లోయ మా అడుగున ఎక్కడో ఉంది. మునిగిపోయిన నదుల పేర్లు యుద్ధనావలకు పెట్టడం మా దళానికి తెలిసిన ఒకే ఒక్క కవిత్వం.

పొద్దెక్కాక యంత్రాలు చూసే అబ్బులు పైకి వచ్చాడు. మనిషి గోదావరివాడు. ఆ గోదావరి ఇప్పుడు లేకపోయినా యాస మాత్రం చెక్కుచెదరలేదు.

"నాయకుడుగారూ, ఉప్పుతీత యంత్రం ఇంక పనిచెయ్యదండి. లోపలి పొర చిరిగిపోయిందండి. నాచు తినేసిందండి."

"కుట్టలేవా?"

"అది చొక్కా కాదు కదండీ, కుట్టడానికి! వేరే పొర వేస్తేనేనండి. ఆ వేరే పొరేమో కొండరేవులో ఉందండి."

"తొట్లలో ఉన్న నీళ్ళు?"

అబ్బులు డెక్కు మీద మేకను కడుగుతున్న ఒక ముసలావిడ వైపు చూశాడు. "ముందు ఆవిణ్ణి ఆపాలండి," అన్నాడు.

రోహిణి, రెండో రోజు

నీళ్ళు కొలతవేసి పోస్తున్నాం. మేకలకు సగం. పంకాకు నాచు చుట్టుకోవడంతో నావ నడవడం లేదు, పాకుతోంది. ఈ నడకన మృగశిర నడిమికి గాని కొండరేవు చేరం. నీళ్ళు మృగశిర మొదలైన రోజు కూడా చూడవు.

సహాయం కోరుతూ వైర్‌లెస్‌లో పంపిన కబురుకు జవాబు వచ్చింది. మృగశిర ప్రవేశించాక నీటి ఓడ పంపగలరట, అంతవరకు ఓర్పు వహించాలట. ఎందుకంటే నీటి ఓడలన్నీ ఇప్పుడు కొండరేవులో తోరణాలు కట్టించుకుంటున్నాయి. అక్కడ దళపతి విగ్రహానికి ఆవిష్కరణ.

పై అధికారులను దినచర్యలో పదవితోనే ప్రస్తావించాలి, పేరు రాయకూడదు అని నిబంధన. అందుచేత నేనూ దళపతి అనే రాస్తాను. మేమిద్దరం ఒకే ఏడాది దళంలో చేరాం. ఒకే గదిలో పడుకున్నాం. అతను నా పుస్తకాలు తీసుకుని తిరిగి ఇచ్చేవాడు కాదు, చదివేవాడూ కాదు.

విగ్రహం కింద ఏమని చెక్కారో నాకు తెలుసు. కళింగ మలుపు విజయం. ఆ విజయం గురించి పాఠ్యపుస్తకాల్లో ఉన్నది పక్కన పెట్టి, జరిగింది రాస్తాను. తీరికకు లోటు లేదు, నావ ఎలాగూ కదలడం లేదు.

ఈ సముద్రం మీద అందరికీ, దొంగలకు కూడా, బిందె మాట అని ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళు అయిపోయినవాళ్ళు తెరచాప కొయ్యకు బిందె బోర్లించి కడతారు. అది చూసినవాళ్ళు శత్రువైనా సరే నీళ్ళు ఇవ్వాలి. అడిగిన పడవ పెద్ద ఒంటరిగా, ఆయుధం లేకుండా, ఇచ్చేవాళ్ళ డెక్కు మీదికి వచ్చి కూర్చోవాలి. చివరి పీపా దాటేవరకూ లేవకూడదు. అంతవరకూ ఏ వైపునుంచీ తుపాకి పేలకూడదు. పేలితే కూర్చున్న మనిషిని ఏం చేసినా తప్పు లేదు.

ఆనాడు బిందె బోర్లించింది దొంగల నాయకురాలు నూకాలు. ఆమె పడవల్లో పిల్లలున్నారు. ఆమె వచ్చి నా డెక్కు మీద కూర్చుంది. పీపాలు అందుకోవడానికి ఆమె తమ్ముడు అప్పన్న చిన్న పడవలో నిలబడ్డాడు. తుపాకి పేలదని ఆమె కళ్ళలోకి చూసి చెప్పాను. సగం పీపాలు దాటాయి.

అప్పుడు వచ్చాడు మా మహానుభావుడు, ఇప్పటి దళపతి, వెనకనున్న నావ మీదికి. అంతకు ముందు వారమే అతనికి పదవి పెరిగింది. కొత్త పదవికి తుపాకి సలాం ఉంది. గుండు లేకుండా ఉత్త మందు కూరి పేల్చే సలాం. తరవాత పెట్టుకోవచ్చు కదా అని ఆ నావవాళ్ళు అన్నారట. "తరవాత పెట్టుకునేది సలాం ఎలా అవుతుంది?" అన్నాడట.

పేలింది. అప్పన్న మనుషులకు అది సలాం అని ఎలా తెలుస్తుంది? మాట తప్పారనుకుని తుపాకులు ఎత్తారు. మావాళ్ళు నిజం గుండ్లు కూరారు. ఆ తరవాత జరిగినదానికే విజయం అని పేరు. నూకాలు నా వైపు ఒక్క చూపు చూసి సముద్రంలోకి దూకింది. అప్పన్న తేలలేదు. పిల్లల పడవ కూడా తేలలేదు.

విచారణలో నేను చూసింది చూసినట్టు చెప్పాను. సలాం నిబంధనల ప్రకారమే జరిగిందని తేల్చారు. అది నిజమే. అతనికి పతకం వచ్చింది. నాకు ముసలి నావలు వచ్చాయి, ఒకదాని తరవాత ఒకటి.

రోహిణి, మూడో రోజు

మేకను కడిగిన ముసలావిడ పేరు గురమ్మ. ఎర్రతెప్ప జనానికి ఆమే పెద్ద. ఈ ఉదయం నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"బావూ, నా కోడలికి పాలు ఇంకిపోనాయి. పసిగుంటడు ఏడవడానికి కూడా ఓపిక నేక కూకున్నాడు. నీ వాటా ఆ పిల్లకి పోసీ."

నా వాటా, దమయంతి వాటా ఇచ్చాం. దమయంతి మా సహనాయకురాలు. దళపతి స్వయంగా నడిపే శిక్షణాలయంలో మొదటి స్థానంలో వచ్చింది. చొక్కా గుండీలన్నీ ఎప్పుడూ పెట్టుకునే ఉంటుంది. నేను చదివే పాత కావ్యాలు చూసి, "వీటిలో నౌకాయానం గురించి ఏముంది సార్?" అని అడిగింది ఒకసారి. ఏమీ లేదన్నాను. సముద్రాన్ని వర్ణించిన మన కవులు ఒక్కరూ సముద్రం మీద వాంతి చేసుకున్నట్టు కనబడరు.

మధ్యాహ్నం దూరాన అతుకుల చాపలు కనిపించాయి. పెద్ద పెద్ద గరాటుల్లా కుట్టిన చాపలు. వాన పడినప్పుడు అందులో పట్టి పీపాలు నింపుకునేది దొంగలు మాత్రమే. మేము యంత్రాలను నమ్ముకున్నాం. వాళ్ళు మబ్బులను నమ్ముకున్నారు. దుర్భిణీలో ముందు పడవ ముక్కు మీద రంగులు చూశాను. గుర్తుపట్టాను. అది నూకాలు పడవ, పేరు పెద్దక్క. నూకాలు బతికే ఉందని విన్నాను గాని ఇంత దగ్గరికి ఎన్నడూ రాలేదు.

"బిందె కట్టండి," అన్నాను.

దమయంతి కదల్లేదు. "సార్, దొంగల దగ్గర నీళ్ళు అడగడం దళం చరిత్రలో లేదు."

"దళం చరిత్రలో లేనివి చాలా ఉన్నాయి. బిందె కట్టండి."

"మన దగ్గర బిందె లేదు సార్. డబ్బాలే."

నిజమే. ఇంత యుద్ధనావలో ఒక్క బిందె లేదు. చివరికి గురమ్మ తన మూటలోంచి ఇత్తడి బిందె తీసింది.

"నా పెళ్ళినాటిది. మా అమ్మ పెట్టింది. తిరిగి రాకపోతే నిన్ను సముద్రంలోకి తోసేత్తాను, సూడు!"

బిందె పైకి వెళ్ళింది. అతుకుల చాపలు చాలాసేపు ఉన్నచోటే ఉన్నాయి. తరవాత పెద్దక్క మా వైపు తిరిగింది.

చిన్న పడవ దింపుతుండగా దమయంతికి ఉత్తర్వు ఇచ్చాను. "నేను తిరిగి వచ్చేవరకు ఏ తుపాకీ పేలకూడదు. ఏదీ."

"సరే సార్. ఒకవేళ దళపతి జెండా కనిపిస్తే? కనిపించిన క్షణాన సలాం చెయ్యాలి కదా."

ఆమె వేళాకోళం ఆడటం లేదు. శిక్షణాలయంలో నేర్పింది అడుగుతోంది, అంతే.

"కనిపించినా పేలకూడదు," అన్నాను. అని కూడా ఊరుకోలేదు. కిందికి దిగి సలాం మందు ఉండే గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఆమె చూసింది. ముఖం ఎర్రబడింది.

రోహిణి, అదే రోజు, పొద్దు వాలాక

తిరిగి వచ్చాను. అక్షరాలు బాగుండవు.

పెద్దక్క డెక్కు మీద అడుగు పెట్టగానే ఒక బొచ్చుకుక్క వచ్చి నా మోకాళ్ళు వాసన చూసింది.

"ఒరే బూసనం, ఇలా రా!" అని ఎవరో ఆడగొంతు అరిచింది.

నా పేరు భూషణం. నేను ముందుకు నడిచాను. కుక్క నాకంటే ముందు పరిగెత్తింది. చుట్టూ ఉన్న దొంగలు పగలబడి నవ్వారు.

నూకాలు వానపీపా మీద కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఒక కన్ను పొర కమ్మింది. రెండో కన్ను ఆనాటిదే.

"నిన్ను కాదు, కుక్కని పిలిసినాను. నా కుక్కలన్నిటికీ నీ పేరే. ఒకటి సచ్చిపోతే ఇంకోదానికి పెడతన్నాను. పొద్దున లేసి నీ పేరు తిట్టకపోతే నాకు కూడు సయించదు."

"కుక్క బాగుంది," అన్నాను.

"నీకంటే మంచిది. మాట మీద నిలబడతాది. కూకో."

కూర్చున్నాను. నా పక్కన ఇద్దరు కత్తులతో నిలబడ్డారు.

"ఎవులకి నీళ్ళు?"

"ఎర్రతెప్ప జనానికి. పసిపిల్లలున్నారు."

"నా పడవల్లోనూ ఉండీవోరు," అంది. కట్టుబాటు ప్రకారం మొదటి పీపాలోంచి చెంబు ముంచి తను ఒక గుక్క తాగింది. మిగతాది నాకిచ్చింది. అది వాననీరు. పాత చాపగుడ్డ వాసన వేసింది. అంత మంచి నీళ్ళు నేను చాలా ఏళ్ళుగా తాగలేదు.

పీపాలు తాడు మీదుగా గోస్తనికి దాటడం మొదలైంది. అవతల అబ్బులు అందుకుంటున్నాడు. గురమ్మ కేకలు ఇక్కడికి వినబడుతున్నాయి. నూకాలు మనుషులు తుపాకుల మీద చేతులు వేసి నిలబడ్డారు. వాళ్ళ గొట్టాలు గోస్తని వైపు తిరిగి ఉన్నాయి. డెక్కు నిండా కిక్కిరిసిన జనం వైపు.

సగం పీపాలు దాటాయి. అప్పుడు ఉత్తరాన పొగ కనిపించింది. పొగ కింద తెల్లటి నావ, దాని మీద ఎర్రజెండా. వంశధార. దళపతి సొంత నావ. తన విగ్రహం చూసుకోవడానికి వెళ్తున్నాడు. ఉత్త నీళ్ళ కోసమైతే ఇటు రాడు.

నూకాలు మనుషుల్లో గుసగుసలు లేచాయి. నా పక్కనున్న కత్తి నా మెడకు ఆనింది.

"ఎవులది?" అంది నూకాలు.

"మావాళ్ళదే. దాని దారిన అది పోతోంది. మీకోసం రాలేదు."

నా చేయి జేబులోని తాళంచెవి మీద ఉంది. గోస్తని సలాం చెయ్యదు, చెయ్యాలన్నా చెయ్యలేదు అనుకుని ఊపిరి వదిలాను. తెల్లనావ దగ్గరవుతోంది. గోస్తని నిశ్శబ్దంగా ఉంది. దమయంతి సలాం తుపాకి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు ఈ కొలువు చేసినవాణ్ణి, ఎలా మరిచానో! జెండా నావకు సలాం అందకపోతే అది ఊరుకోదు. తనే ఒక తుపాకి పేలుస్తుంది, గుండు లేకుండా, నా సలాం ఏది అని అడుగుతూ. అది కూడా నిబంధనే. ఏ నావైనా వదిలేస్తుందేమో గాని, అతను ఎక్కిన నావ వదలదు. తాళం వేసి నేను ఆపింది ఒక తుపాకిని మాత్రమే. రెండోదాన్ని నేనే పిలిచాను.

"నూకాలూ," అన్నాను. కత్తి వల్ల గొంతు సరిగా రాలేదు. "ఇప్పుడొక తుపాకి పేలుతుంది. అందులో గుండు ఉండదు. నీ మనుషుల్ని ఆపు."

ఆమె ఒంటికన్ను నా ముఖం మీద ఆగింది.

"ఆనాడూ ఇలాగే కూకోబెట్టి మాట సెప్పినావు."

"ఆనాడు పేలదన్నాను. ఈనాడు పేలుతుందంటున్నాను. తేడా చూడు."

"గుండు నేకుండా తుపాకి ఎందుకు పేలుత్తారు? బుర్ర నేదా?"

"లేదు. ఆపు."

ఆలోగా తెల్లనావ ముందుభాగాన ఒక మనిషి వంగడం చూశాను. ఇక్కడ ఒకడు తుపాకి గొట్టం సరిచేస్తున్నాడు. దాని ఎదురుగా గురమ్మ, కోడలు, ఒడిలో పసివాడు.

నూకాలు లేచి నిలబడింది. "ఒరే, ఎవులూ ముట్టకండి! ముట్టినోడి సెయ్యి నరికేత్తాను. అందరూ నీళ్ళకేసి సూడండి. గుండు పడితే ముందు ఈడి తల తీసి, ఆనక పేల్చండి."

పేలింది.

మేకలు అరిచాయి. కుక్క నా కాళ్ళ మధ్యలో దూరింది. దొంగలందరూ సముద్రం వైపు చూశారు. నూకాలు అందరికంటే ముందుకు వంగి చూసింది. పచ్చటి నాచు మీద పొగ సాగింది. నీళ్ళు లేవలేదు. ఎక్కడా ఒక్క చుక్క ఎగరలేదు.

"గుండు ఏదీ?" అంది.

"లేదు. సలాం కోసం పేలుస్తారు. పెద్ద అధికారి వస్తే గౌరవం. చెయ్యకపోతే ఇలా అడుగుతారు."

ఆమె నా వైపు తిరగలేదు. నీళ్ళకేసే చూస్తోంది.

"ఆనాడు ముందు పేలింది..."

"అదీ ఇదే. దానిలో కూడా గుండు లేదు."

"నా అప్పన్న సలాముకి సచ్చిపోనాడా?"

మెడ మీద కత్తి ఎప్పుడు తీశారో తెలియలేదు.

"ఇన్నేళ్ళూ ఎవుడో పగోడు సంపినాడనుకున్నాను. పగైతే ఒక లెక్క. పగకి నాను పగ సేసినాను. సలామా? పసిగుంటలు మునిగిపోనారు, సలాముకా?" ఆమె కూలబడింది. తరవాత నవ్వింది. ఆ నవ్వు వినలేక ఆమె మనుషులు ముఖాలు తిప్పుకున్నారు. కుక్క వెళ్ళి ఆమె ఒడిలో తల పెట్టింది.

"పీపాలు ఆపినారేటి? తొయ్యండి," అని కసిరింది చివరికి.

చివరి పీపా దాటేవరకు నేను లేవలేదు. తెల్లనావ ఆగలేదు. ముహూర్తం దాటిపోతుంది కదా.

రోహిణి, నాలుగో రోజు

తొట్లు నిండాయి. మేకలకు కూడా పూర్తి వాటా. గురమ్మ కోడలికి పాలు పడుతున్నాయని కబురు. గురమ్మ తన బిందె తీసుకుని, సొట్ట పడిందని నన్ను తిట్టి వెళ్ళింది. సొట్ట పాతదే.

దమయంతికి తాళంచెవి ఇచ్చాను. తీసుకోలేదు.

"తాళం వెయ్యకపోయినా నేను పేల్చేదాన్ని కాదు సార్."

"అవునా?"

"మీరు పేలకూడదన్నారు కదా. అంతకంటే ఏం కావాలి?"

ఆమె చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆనాటి నావలో ఇలాంటి మనిషి ఒక్కరున్నా చాలేది.

వైర్‌లెస్‌లో ఉత్తర్వు అందింది. జెండా నావకు సలాం చెయ్యనందుకు, శత్రువు డెక్కు మీద కూర్చున్నందుకు నన్ను విధుల నుంచి తప్పించారు. కొండరేవు చేరగానే ఈ దినచర్య దళపతికే స్వయంగా అప్పగించాలట. మంచిది. నా పుస్తకాల్లో అతను చదివే మొదటిది ఇదే అవుతుంది.

అందుకని ఒక్క సంగతి చివరికి ఉంచాను. నిన్న పెద్దక్క మీంచి దిగుతుంటే నూకాలు నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నీ పేరే తిట్టుకున్నాను. ఇంకో కుక్కపిల్ల పుట్టినాది. దానికి నీ పేరు పెట్టను. ఆ సలాం ఎవులికి? ఆడి పేరేటి?"

విచారణలో కూర్చున్న పెద్దలెవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. అక్కడ అందరం పదవులే పలికాం. నిబంధన నాకు గుర్తుంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ సిరాతో రాస్తున్నాను, పదవి లేకుండా, గారు లేకుండా.

ఉప్పులూరి జయంతకుమార్.